చూలాలి నెత్తురులో కొవ్వు: ఎంతవరకు సహజం, ఎక్కడ ప్రమాదం?

నెత్తురు ఏ రంగులో ఉంటుందని అడిగితే బడికి వెళ్ళని పిల్లవాడు కూడా ఎరుపని చెబుతాడు. కోనసీమలో ఒక పట్టణపు ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియను ఒకాయన మాత్రం, మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం, చేతిలోని గాజు గొట్టాన్ని ట్యూబులైటు దగ్గరకు తీసుకెళ్ళి రెండుసార్లు చూసుకున్నారు. అడుగున ఎర్రకణాలు పేరుకుని ఉన్నాయి. పైన లేత పసుపు రంగు నీరు తేలాలి. అది లేదు. దాని బదులు చిక్కటి గేదెపాలు పోసినట్టు తెల్లగా ఉంది.

ఆ నెత్తురు కాలవగట్టు మీది ఊరి నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ అమ్మాయిది. తొలిచూలు. ఏడో నెల. రెండు రోజులుగా పైకడుపులో నొప్పి, వీపులోకి పొడుచుకుపోతోందని ఏడుపు, ఆగని వాంతులు. ఇంట్లో వాళ్ళు గ్యాసు పట్టిందనుకున్నారు. వాము నీళ్ళు తాగించారు. దగ్గర్లో చూపిస్తే సూది వేసి, తగ్గిపోతుందిలే అని పంపేశారు. మూడోనాటికి పిల్ల లేచి కూర్చోలేకపోయేసరికి తల్లి ఆటో కట్టించుకుని పట్టణానికి తీసుకొచ్చింది.

డాక్టరమ్మకు క్లోమం మీద అనుమానం వచ్చి అమైలేజ్ పరీక్ష రాశారు. అంకె మామూలుగానే వచ్చింది. అంతటితో చీటీ రాసి పంపేస్తే ఈ కథ మరోలా ఉండేది. టెక్నీషియను గొట్టం పట్టుకుని స్వయంగా ఆమె గదికి వెళ్ళారు. "మేడమ్, అంకె సంగతి తర్వాత, ముందు ఇది చూడండి" అన్నారట. నెత్తురులో కొవ్వు అంతగా పేరుకున్నప్పుడు అమైలేజ్ అంకె తప్పుగా తక్కువ చూపవచ్చు. ఆ విషయం ఆయనకు తెలుసు. వెంటనే ట్రైగ్లిసరైడ్లు చూశారు. మామూలు మనిషికి 150 లోపు ఉండవలసినది ఆ అమ్మాయికి 2,000 దాటింది. క్లోమం వాచిపోయి ఉంది. ఆ రాత్రే 108 బండిలో పెద్దాసుపత్రికి పంపారు.

తల్లీ బిడ్డా దక్కారు. బిడ్డ నెల ముందుగా, రెండు కిలోలకు కాస్త పైన తూకంతో పుట్టి, తొమ్మిది రోజులు నవజాత శిశువుల వార్డులో అద్దాల పెట్టెలో ఉన్నాడు. అమ్మమ్మ అయిన ఆ తల్లి మాత్రం ఇప్పటికీ ఒకే ప్రశ్న అడుగుతోంది: "కడుపుతో ఉన్న పిల్లని నెయ్యేసి ముద్దలు తినిపించానండీ. దాని నెత్తురు పాలైపోవడానికి నేనే కారణమా?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు.

కొవ్వు పెరగడం ప్రకృతి ఏర్పాటే

గర్భిణి నెత్తురులో కొవ్వు పెరగడం రోగం కాదు. పెరగకపోతేనే ఆలోచించాలి. నెల తప్పినప్పటి నుంచి ఆరో నెల దాకా ఆడదాని శరీరం గాదె నింపుకునే రైతులాంటిది. తిన్నదానిలో మిగిలిన దాన్ని తొడల్లో, పిరుదుల్లో కొవ్వుగా దాస్తుంది. ఏడో నెల నుంచి అదే గాదె తలుపు తెరుచుకుంటుంది. మాయలో పుట్టే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ మాటను కొంతవరకు చెల్లనివ్వవు. దానితో దాచిన కొవ్వు కరిగి నెత్తురులోకి వస్తుంది. ఈస్ట్రోజన్ ప్రేరణతో కాలేయం కూడా మరింత కొవ్వును తయారుచేసి పంపుతుంది.

ఇదంతా ఎందుకంటే, తల్లి తన ఇంధనంగా కొవ్వును వాడుకుని చక్కెరను బిడ్డకు వదిలిపెట్టడానికి. బిడ్డ మెదడు, కంటిచూపు ఏర్పడటానికి కొన్ని కొవ్వు ఆమ్లాలు తల్లి నుంచే రావాలి. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టరాన్ హార్మోనును మాయ తల్లి కొలెస్ట్రాల్ తోనే తయారుచేస్తుంది. నెలలు నిండే సమయానికి ఆ కొవ్వులో కొంత పాలిండ్ల వైపు మళ్ళుతుంది, పుట్టబోయే వాడికి పాలు సిద్ధం కావాలి కనుక.

అందువల్ల నెలలు నిండిన స్త్రీకి కొలెస్ట్రాల్ మునుపటి కంటే పాతిక నుంచి యాభై శాతం దాకా ఎక్కువ ఉండవచ్చు. ట్రైగ్లిసరైడ్లు రెండింతలు, ఒక్కోసారి మూడు నాలుగింతలు అవుతాయి. మామూలు మనిషికి 200 లోపు ఉండాలనే కొలెస్ట్రాల్ ఈ సమయంలో 250 దాటడం అరుదు కాదు. ఇది తెలియక, ఎవరో సలహా ఇచ్చారని ఎనిమిదో నెలలో కొవ్వు పరీక్ష చేయించుకుని, లేబొరేటరీ వాళ్ళు ఎర్రసిరాతో గీత గీసిన కాగితం చూసి హడలిపోయేవారు ఉంటారు. ఆ కాగితం మీద అచ్చువేసిన హద్దులు గర్భిణుల కోసం వేసినవి కావు. పురుడయ్యాక ట్రైగ్లిసరైడ్లు సాధారణంగా ఆరువారాల్లోపే కిందికి వస్తాయి. పాలిచ్చే తల్లుల్లో మరింత త్వరగా తగ్గుతాయి. కొలెస్ట్రాల్ తగ్గడానికి మరికొంత కాలం పట్టవచ్చు.

మరి ప్రమాదం ఎక్కడ? ఈ పెరుగుదల హద్దు మీరినప్పుడు. లేదా గర్భం రాకముందే కొవ్వు ఎక్కువగా ఉన్న ఒంటికి ఈ పెరుగుదల తోడైనప్పుడు.

నిండిన చెరువుకు గండి

ట్రైగ్లిసరైడ్లు 500 దాటితే వైద్యులు గట్టిగా పట్టించుకుంటారు. 1,000 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉందని భయపడతారు. క్లోమం అన్నాన్ని అరిగించే రసాలు తయారుచేసే గ్రంథి. దాని చుట్టూ నెత్తురులో కొవ్వు మరీ చిక్కబడితే, కొవ్వును విడగొట్టే ఆ రసమే అక్కడికక్కడ పనిచేసి, వెలువడిన ఆమ్లాలు గ్రంథినే కాలుస్తాయి. గర్భిణుల్లో క్లోమం వాపుకు మొదటి కారణం పిత్తాశయంలో రాళ్ళు. నెత్తురులో కొవ్వు పెరగడం కూడా ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అరుదైన జబ్బే. కాని వచ్చిందంటే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణగండం. ఎక్కువగా చివరి మూడు నెలల్లో వస్తుంది, అప్పుడే కొవ్వు వరద పతాకస్థాయిలో ఉంటుంది కనుక.

ఇక్కడొక చిక్కు ఉంది. గర్భిణికి వాంతులు, గుండెల్లో మంట, కడుపులో బిగువు ఉండటం కొత్తేమీ కాదు. అందుకే ఈ నొప్పిని గ్యాసు కింద జమకట్టేస్తారు. పైకడుపులో మొదలై వీపులోకి పోయే నొప్పి, పడుకుంటే పెరిగి ముందుకు వంగి కూర్చుంటే కొంచెం ఊరట ఇచ్చే నొప్పి, దానితో ఆగని వాంతులు ఉంటే వాముతో కాలక్షేపం చేయరాదు. అదే చోట నొప్పి గుర్రపువాతానికి ముందస్తు గుర్తు కూడా కావచ్చు. ఏదైనా ఆసుపత్రిలోనే తేల్చాలి.

చికిత్స ఉంది. నోటితో ఏమీ పెట్టకుండా సెలైను ఎక్కిస్తారు. గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ నెమ్మదిగా ఎక్కిస్తే కొవ్వు కరుగుతుంది. షుగరు జబ్బు లేనివారికి కూడా ఇన్సులిన్ ఇస్తున్నారని బంధువులు గాభరా పడనక్కరలేదు. దానితో లొంగకపోతే, నెత్తురులోని ఆ పాలనీటిని యంత్రం ద్వారా తీసి మార్చే సౌకర్యం పెద్దాసుపత్రుల్లో ఉంది. గండం గడిచాక కాన్పు దాకా కొవ్వు బాగా తగ్గించిన భోజనం పెడతారు.

మన కోనసీమ అమ్మాయి విషయంలో వైద్యులు ఇంకో సంగతి అడిగారు. "మీది మేనరికమా?"

మేనమామ వరస

అవును. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మేనమామ, మేనకోడళ్ళు. ఆమె భర్త కూడా మేనత్త కొడుకే.

నెత్తురులోని కొవ్వును విడగొట్టి తుడిచేసే ఎంజైము ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఒక్క ప్రతిగా ఉన్నవారు చాలామందికి ఏమీ తెలియదు, మామూలుగా తిరుగుతారు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ అదే లోపం ఉంటే నలుగురు పిల్లల్లో ఒకరికి రెండు ప్రతులూ చెడి పుట్టే అవకాశం ఉంది. ఒకే వంశంలో పెళ్ళిళ్ళు జరిగేచోట ఆ రెండు ప్రతులు కలుసుకోవడం సులువు. ఇలాంటి ఆడపిల్ల చిన్నప్పుడు తరచు కడుపునొప్పి అని ఏడుస్తుంది, ఇంట్లో నులిపురుగుల మందు వేస్తారు. మోచేతుల మీద, పిరుదుల మీద చిన్న పసుపు రంగు పొక్కులు వస్తే చెమటకాయలనుకుంటారు. అసలు పరీక్ష తొలిచూలులో ఎదురవుతుంది. లోపం ఒక ప్రతిగానే ఉన్నవారికి కూడా గర్భం, షుగరు, మందగించిన థైరాయిడ్ తోడైతే చెరువు నిండి గట్టు తెగవచ్చు.

కొలెస్ట్రాల్ విషయంలో వంశపారంపర్య జబ్బు వేరే ఉంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగం మందికి రావచ్చు. ఈ జబ్బు వెనక ఉన్న కీలకాన్ని, కొలెస్ట్రాల్ ను కణాలు లోపలికి ఎలా తీసుకుంటాయన్నదాన్ని కనిపెట్టినందుకే అమెరికాకు చెందిన బ్రౌన్, గోల్డ్ స్టీన్ లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మేనరికంలో ఇద్దరు దంపతులకూ ఈ జబ్బు ఉంటే, బిడ్డకు రెండు ప్రతులూ చేరితే, ఆ బిడ్డకు పసితనంలోనే గుండెజబ్బు రావచ్చు. మడమ వెనక నరం దగ్గర గట్టి బొడిపెలు, కనురెప్పల మీద పసుపు మచ్చలు, ఇంట్లో నలభై ఏళ్ళకే గుండెపోటుతో పోయినవారు ఉంటే పెళ్ళయిన ఆడపిల్ల గర్భం ధరించకముందే ఒక్కసారి కొవ్వు పరీక్ష చేయించుకోవడం మంచిది.

మేనరికాల గురించి ఎవరు రాసినా ఉత్తరాలు వస్తాయి. మా తాతలు చేసుకున్నారు, మేము బాగానే ఉన్నామని. ఉన్నారు, సంతోషం. నష్టం అందరికీ రాదు. వచ్చిన ఇంట్లో మాత్రం దాని పేరు తెలియక ఏళ్ళు గడుస్తాయి.

రక్తపోటు, షుగరు, బొద్దుబిడ్డ

పాలలాంటి నెత్తురు లక్షణంగా కనిపించేది. కనిపించని పెరుగుదల సంగతి ఏమిటి? ఆమ్‌స్టర్‌డాంలో సుమారు నాలుగు వేలమంది గర్భిణుల నెత్తురును తొలి నెలల్లోనే పరీక్షించి కాన్పు దాకా గమనించారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. ట్రైగ్లిసరైడ్లు పెరిగినకొద్దీ రక్తపోటు, గుర్రపువాతానికి దారితీసే వాపు జబ్బు, నెలలు నిండకముందే నొప్పులు తెప్పించవలసి రావడం, మరీ పెద్దబిడ్డ పుట్టడం ఎక్కువయ్యాయి. కొలెస్ట్రాల్ తో అలాంటి సంబంధం కనిపించలేదు. జనం నోట ఎప్పుడూ కొలెస్ట్రాల్ పేరే వినిపిస్తుంది కాని, గర్భిణి విషయంలో ముందుగా చూడవలసినది రెండో అంకెను.

అయితే సంబంధం ఉందనడం వేరు, అదే కారణమనడం వేరు. గర్భంలో వచ్చే షుగరు, బరువు, ట్రైగ్లిసరైడ్లు మూడూ ఒక తల్లి పిల్లల్లాంటివి, కలిసే తిరుగుతాయి. ఏది ముందు నడుస్తోందో విడదీయడం కష్టం.

మనకు దగ్గరగా పుణె సమీపాన ఆరు పల్లెల్లో జరిగిన పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడి తల్లులు పొలం పనులు చేసుకునే బక్కపలుచని ఆడవాళ్ళు. పిల్లలు సగటున 2.7 కిలోల బరువుతో పుట్టారు, ఇంగ్లండు పిల్లలు 3.5 కిలోలు. కాని కండ తక్కువైనంతగా చర్మం కింది కొవ్వు తక్కువ కాలేదని తేలింది. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. ఆ పల్లెల్లోనే తల్లి నెత్తురులోని చక్కెరతో పాటు కొవ్వు కూడా బిడ్డ పెరుగుదలను నడిపిస్తోందని 2013లో రాశారు. మనవాళ్ళకు చిన్న వయసులోనే షుగరు, గుండెజబ్బు రావడానికి మూలం తల్లి కడుపులోనే ఉందా అన్న ప్రశ్న ఇలాంటి పనుల నుంచే పుట్టింది.

నేపుల్స్ నగరం నుంచి 1997లో, 1999లో వచ్చిన రెండు పరిశోధనలు ఇంకొంత కలవరపరిచాయి. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న తల్లుల గర్భంలో నిలవని పిండాల పెద్ద రక్తనాళం గోడమీద కొవ్వు చారలు ఎక్కువగా కనిపించాయి. ఇతర కారణాలతో మరణించిన పిల్లలను చూసినప్పుడు, తమ కొలెస్ట్రాల్ మామూలుగానే ఉన్నా, అలాంటి తల్లులకు పుట్టినవారిలో ఆ చారలు వేగంగా ముదిరాయి. దీన్నిబట్టి కడుపుతో ఉన్నవారు బెంబేలు పడనక్కరలేదు. పిల్లలందరికీ గుండెజబ్బు వస్తుందని వారు చెప్పలేదు. ఆ పిల్లలు పెద్దయ్యేటప్పుడు తిండి, పొగ, రక్తపోటు విషయంలో కన్నేసి ఉంచాలని మాత్రం అర్థమవుతుంది.

నెయ్యి తప్పా, పూతరేకు తప్పా?

ఇక అమ్మమ్మ గారి ప్రశ్నకు వద్దాం. సీమంతానికి మన వైపు ఏమేమి వస్తాయో అందరికీ తెలుసు. సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజాలు. తెచ్చిన ప్రతివాళ్ళూ చూలాలి నోట్లో పెట్టి వెళతారు. "ఇద్దరి తిండి తినాలమ్మా" అంటారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినది సుమారు 350 కేలరీలు. అంటే రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు. రెండో మనిషి తిండి ఇంతే.

ట్రైగ్లిసరైడ్లు నెయ్యితోనే పెరుగుతాయనుకోవడం పొరపాటు. పంచదార, బెల్లం, తెల్లన్నం మోతాదు మించితే కాలేయం వాటిని కొవ్వుగా మార్చి నెత్తురులోకి వదులుతుంది. నెయ్యి మానేశానని చెప్పి రోజూ కూల్‌డ్రింకు తాగే అమ్మాయిలున్నారు, దానివల్ల లాభం లేదు. ఒక చెంచా నెయ్యి పప్పులో వేసుకున్నందుకు ఎవరి నెత్తురూ పాలు కాదు. ఆ అమ్మాయిది పుట్టుకతో వచ్చిన లోపం. కొవ్వు, తీపి కలిసిన తిండి దానికి ఆజ్యం పోసి ఉండవచ్చు. అమ్మమ్మ తప్పు లేదు. అలా పుట్టినవారికి మాత్రం, పేరు తెలిసిన తర్వాత, నెయ్యీ నూనే చెంచాలతో లెక్కపెట్టుకోక తప్పదు.

ఇది చదివి కూలిపనికి వెళ్ళే పేదింటి చూలాలికి నూనె, గుడ్డు, పాలు తగ్గించేస్తే అంతకంటే అన్యాయం ఉండదు. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వారికి కొవ్వు ఎక్కువ కావడం కాదు, అన్నమే చాలని స్థితి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంట్లో అందరూ పంచుకోకుండా ఆమెకే అందాలి. తీరప్రాంతం వారికి కవళ్ళు, కానాగంతలు చవకగా దొరికే మంచి కొవ్వు. చేపలు తినని ఇళ్ళలో అవిసెగింజల పొడి, వేరుశనగలు ఉండనే ఉన్నాయి.

తొమ్మిదో తారీఖు

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు వైద్యులు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆ రోజు బరువు, బి.పి., నెత్తురు, మూత్రం చూస్తారు. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత షుగరు చూస్తారు, 140 దాటితే గర్భంలో షుగరు ఉన్నట్టు. తొలి రాకలో ఒకసారి, ఆరో నెలలో మరోసారి ఈ పరీక్ష తప్పనిసరి.

కొవ్వు పరీక్ష ఇందులో లేదు. అందరికీ అవసరమని వైద్యశాస్త్రం కూడా చెప్పడం లేదు. ఈ పత్రికలో అందరికీ చేయించాలని రాసి ఆరోగ్య కేంద్రాల ముందు బారులు తీరేలా చేయడం మా ఉద్దేశం కాదు. అయితే కొందరు అడిగి చేయించుకోవాలి. ముందునుంచీ షుగరు ఉన్నవారు, థైరాయిడ్ లోపానికి మందు వాడుతున్నవారు, మునుపు ఎప్పుడైనా కొవ్వు ఎక్కువని చెప్పించుకున్నవారు, క్లోమం వాపు వచ్చినవారు, ఇంట్లో చిన్నవయసు గుండెపోటు చరిత్ర ఉన్నవారు. మేనరికపు సంతానం అయివుండి చిన్నప్పుడు కారణం తెలియని కడుపునొప్పులతో బాధపడినవారు కూడా. నర్సమ్మ అడగకపోయినా వీరు తామే చెప్పాలి. చెప్పకపోతే కార్డులో ఆ గడి లేదు కనుక ఎవరికీ తెలియదు.

మందుల సంగతి ఒకటి. కొలెస్ట్రాల్ కు స్టాటిన్ మాత్రలు వాడే స్త్రీలు గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే డాక్టరుకు చెప్పాలి. ఇవి గర్భిణికి అసలు పనికిరావన్న గట్టి హెచ్చరికను అమెరికా ఔషధ సంస్థ 2021లో తొలగించమంది. అంతమాత్రాన వాడవచ్చని కాదు. ఎక్కువమంది ఆపేయాలనే ఆ సంస్థ కూడా చెప్పింది. గుండెజబ్బు వంటి పెద్ద ప్రమాదం ఉన్న కొద్దిమంది విషయంలో డాక్టరు ఆలోచించి నిర్ణయించేందుకు వీలు కల్పించారు. తెలియక ఒక నెల మింగిన వారు గర్భం తీయించుకోవాలేమోనని భయపడి పరుగెత్తవద్దు. మాత్ర ఆపి డాక్టరును కలిస్తే చాలు.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, బి.పి. 140/90 చేరినా తొమ్మిదో తారీఖు కోసం ఎదురుచూడరాదు. ఆ పూటే వెళ్ళాలి.

పురుడయ్యాక కూడా పని మిగిలి ఉంటుంది. గర్భంలో కొవ్వు బాగా పెరిగినవారు, షుగరు వచ్చినవారు ఆరువారాల తర్వాత తిరిగి పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. బాలింత పథ్యంలో ఉంటుంది, పుట్టింటి నుంచి అత్తింటికి వెళుతుంది, బిడ్డకు టీకా కోసం వచ్చినప్పుడు తన సంగతి ఎవరూ అడగరు.

మన కథలోని అమ్మాయి మాత్రం వచ్చింది. కాన్పయిన రెండు నెలలకు ట్రైగ్లిసరైడ్లు 600 దగ్గర ఆగాయి, అంతకంటే దిగలేదు. దానితో లోపం పుట్టుకతోనిదని వైద్యులు తేల్చుకున్నారు. ఇప్పుడు నూనె కొలిచి వండుకుంటోంది. బాబుకు మూడేళ్ళు. వాడి నెత్తురు కూడా చూశారు, ప్రస్తుతానికి మామూలుగానే ఉంది.

కిందటి నెల 9వ తేదీన ఆమె చెల్లెలు, నాలుగో నెల చూలాలు, అక్క పాత కార్డు చేత్తో పట్టుకుని అదే పట్టణంలో అదే పరీక్షల గది ముందు బెంచీ మీద కూర్చుంది. వెంట అమ్మమ్మ గారు ఉన్నారు. టెక్నీషియను నెత్తురు తీసి, గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి, అరగంట ఆగమన్నారు. కణాలు దిగేదాకా ఆ పెద్దావిడ కళ్ళు గొట్టం మీదనుంచి తిప్పలేదు. పైన తేలిన నీరు కాస్త మసకగా ఉంది కాని పసుపు రంగులోనే ఉంది.

"పరవాలేదమ్మా, చీటీ వచ్చాక డాక్టరమ్మకు చూపించండి" అన్నారాయన. ఆరో నెలలో మళ్ళీ రమ్మని కార్డు వెనక పెన్నుతో తేదీ వేసి ఇచ్చారు.